కొండ చాటు ఊరికి టీవీ బొమ్మ: రిలే లైసెన్సు అడిగేదెవరు, ఇచ్చేదెవరు?

శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో ముప్పై, ముప్పై అయిదేళ్ల కిందట టీవీ ఉన్న ఇల్లు ఏదో అడగక్కర్లేదు. ఇంటి కప్పు మీద నిలబెట్టిన పొడవాటి ఇనప పైపు, దాని చివర అల్యూమినియం పుల్లల యాంటెన్నా చెప్పేసేవి. ఆదివారం పొద్దున్న ఇంటాయన పైకెక్కి పైపు పట్టుకుని మెల్లిగా తిప్పుతూ ‘వచ్చిందేట్రా?’ అని కేకేసేవాడు. లోపల టీవీ ముందున్న కొడుకు ‘నేదు నాన్నా, చుక్కలే’ అనేవాడు. ఆ మాట పైకి వినపడదు కనక గుమ్మంలో ఇంకో మనిషి నిలబడి లోపలి మాట పైకి, పై మాట లోపలికి అందించాలి. సొంత మాట ఒక్కటీ కలపకుండా విన్నదాన్నే ఇంకాస్త గట్టిగా చెప్పడం అతని పని.

టీవీ రిలే ట్రాన్స్‌మిటర్ చేసేది అచ్చంగా ఇదే. పెద్ద టవర్ నుంచో ఉపగ్రహం నుంచో వచ్చిన ప్రసారాన్ని అందుకుని, బలం పెంచి, చుట్టుపక్కల ఊళ్లకు మళ్లీ వదులుతుంది. గుమ్మంలో నిలబడ్డ మనిషికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే పని కొండ మీద ఒక పెట్టె చేస్తే మాత్రం తరంగాల చట్టం, భూమి చట్టం, కాపీరైట్ చట్టం మూడూ వచ్చి దాని చుట్టూ కూర్చుంటాయి. అందులో తప్పేమీ లేదు. ఆ మూడు చట్టాల మధ్యా ఊరికి మాత్రం కుర్చీ వెయ్యలేదు. చిక్కంతా అక్కడే.

ముందు కొండ సంగతి చూడాలి. టీవీ తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత దూరమే పోతాయి. ఇంజనీర్లు వాడే మోటు లెక్క ఒకటుంది: యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే తరంగం ఎన్ని కిలోమీటర్లు పోతుందో వస్తుంది. పంపే వైపు, అందుకునే వైపు విడివిడిగా లెక్క కట్టి రెండూ కలపాలి. పంపే యాంటెన్నా 200 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే 58 కిలోమీటర్లు. ఇంటి మీది పైపు 10 మీటర్లయితే 13. మొత్తం 71. విశాఖ కైలాసగిరి మీది టవర్ నుంచి విజయనగరం కాకి దారిన 40 కిలోమీటర్లే కనక ఈ లెక్కలో హాయిగా ఇమిడిపోతుంది. శ్రీకాకుళం పట్నం 80 దాటుతుంది, అంటే అంచు మీద ఉన్నట్టు. ఒక రోజు బొమ్మ, ఒక రోజు చుక్కలు. మహేంద్రగిరి కింద ఉన్న మందస 170 కిలోమీటర్ల అవతల. అక్కడ పైపు ఎంత తిప్పినా చేతులు నొప్పి పుట్టడమే. పైగా అటువైపు మెళియాపుట్టి, పాతపట్నం దాకా వరస కొండలు. 1501 మీటర్ల మహేంద్రగిరి నీడలో ఉన్న ఊరికి భూమి వంపుతో పాటు కొండ కూడా అడ్డం.

సముద్రం పక్కన ఉండడం వల్ల ఇంకో తమాషా ఉంది. ఎండాకాలం సాయంత్రాలు బంగాళాఖాతం మీద వేడిగాలి పొర, చల్లగాలి పొర ఒకదాని మీద ఒకటి పేరుకున్నప్పుడు తరంగాలు ఆ రెంటి మధ్య సొరంగంలో పోయినట్టు వందల కిలోమీటర్లు పోతాయి. ఎన్నడూ రాని స్టేషను ఒక రాత్రి అద్దంలా కనపడి, తెల్లారేసరికి మాయమవుతుంది. చూసేవాళ్లకు అది అదృష్టం. లైసెన్సు ఇచ్చే ఆఫీసుకు అదే తలనొప్పి. ఒకే చానల్ నంబరు మీద దూరదూరంగా పెట్టిన రెండు ట్రాన్స్‌మిటర్లు అలాంటి రాత్రి ఒకదాని బొమ్మ మీద ఒకటి అడ్డగీతలు గీస్తాయి. ‘మా మారుమూల కొండ మీద చిన్న పెట్టె పెట్టుకుంటే ఎవరికి నష్టం’ అనే ప్రశ్నకు మొదటి జవాబు ఇది.

రెండో జవాబు పెళ్లి పందిట్లో దొరుకుతుంది. మైకు పట్టుకున్నాయన నడుస్తూ స్పీకరు ఎదురుగా వచ్చాడంటే కూ అని చెవులు చిల్లులు పడతాయి. మైకు విన్నది స్పీకరులో, స్పీకరు పలికింది మళ్లీ మైకులో పడి గిరగిరా తిరగడమే ఆ కూత. రిలే ట్రాన్స్‌మిటర్‌కూ ఇదే గండం. ఏ చానల్‌లో అందుకుంటుందో అదే చానల్‌లో వదిలితే తన గొంతు తనకే వినపడి గోల పెడుతుంది. అందుకే 6వ చానల్‌లో పట్టింది 9లోనో 11లోనో వదలాలి. మన అనలాగ్ టీవీకి 5 నుంచి 12 దాకా చానళ్లు 174–230 మెగాహెర్ట్జ్ మధ్య, ఒక్కోటి 7 మెగాహెర్ట్జ్ వెడల్పున ఉండేవి. అంటే కొండ చాటు ఊరికి సాయం చెయ్యడానికి కూడా ఇంకెవరికీ చెందని ఒక కొత్త చానల్ కావాలి. ఉన్నవే గుప్పెడు. పంచేవాడు ఒకడు ఉండక తప్పదు.

మన దగ్గర పంచేది కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం. వాడుకలో డబ్ల్యూపీసీ అంటారు. తరంగం సంగతి తేలాక టవర్ సంగతి. ఆ చోట, ఆ ఎత్తున టవర్ లేపితే మిగతా వైర్‌లెస్ వ్యవస్థలకు, విమానాలకు అడ్డమా కాదా చూసే కమిటీ సాక్ఫా. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల ఎవరైనా ఎత్తైన స్తంభం వెయ్యాలంటే ఈ పేరు వినాల్సిందే. ఇవన్నీ ఎక్కడివంటే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం. మొదటిది ఈ పని చేసే హక్కు కేంద్రానిదేనని, కేంద్రం తలచుకుంటే లైసెన్సు ఇవ్వొచ్చని చెప్పింది. రెండోది అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం అంది. ప్రసారం చెయ్యడం మాట అటుంచి, అందుకోవడానికి కూడా ఒకప్పుడు లైసెన్సు ఉండేది. రేడియోకీ టీవీకీ పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకం మీద స్టాంపు వేయించుకున్న సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది 1980ల మధ్యలో పోయింది. ఆ పాత చట్టాల స్థానంలోకి ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. పేరు మారినా తాళంచెవి కేంద్రం దగ్గరే ఉంది.

ఇక బొమ్మ ఎవరిది? 1957 కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఇచ్చింది. అనుమతి లేకుండా పునఃప్రసారం చేస్తే ఉల్లంఘనే. ఉచితంగా వేశాం, ఊరి మేలు కోరి వేశాం అన్నా కుదరదు. ప్రైవేటు చానళ్ల విషయంలో డౌన్‌లింకింగ్ మార్గదర్శకాలు, అంటే ఉపగ్రహం నుంచి చానల్‌ను కిందికి దింపి పంచడం మీది నియమాలు, ఇంకా గట్టిగా ఉంటాయి. చానల్ వాళ్లు సిగ్నల్ ఇవ్వాల్సింది రిజిస్టరైన కేబుల్, డీటీహెచ్ వగైరా పంపిణీదారులకే. కొండ మీద నుంచి గాలిలోకి వదిలే ఊరి రిలే అన్నది ఆ జాబితాలో లేనే లేదు. నిషేధించారని కాదు. అలాంటిదొకటి ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

అనుకోకపోవడానికి కారణం చరిత్రలో ఉంది. ఇన్సాట్-1బి 1983 ఆగస్టులో పైకి వెళ్లాక, 1984లో దూరదర్శన్ కొన్ని నెలల పాటు దాదాపు రోజుకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయింది. ఎక్కువ శాతం 100 వాట్ల చిన్నవి, ఎల్పీటీలు. పక్కనే పెద్ద డిష్, అది ఉపగ్రహం నుంచి అందుకున్నది టవర్ మీది నుంచి ఓ ఇరవై కిలోమీటర్ల మేర పంచుతుంది. ఇంకా లోతట్టు కొండ ప్రాంతాలకు 10 వాట్ల వీఎల్పీటీలు. 10 వాట్లంటే చిన్న ఎల్‌ఈడీ బల్బు తినే కరెంటుతో సమానం. దాంతో కొండ లోయలోని నాలుగైదు ఊళ్లకు బొమ్మ వస్తుంది.

ఆ రిలే గది లోపల చూడ్డానికి ఏమంత ఉండదు. బీరువా అంత రాక్, అందులో రిసీవరు, ఎక్సైటరు, పవర్ యాంప్లిఫయరు. గోడకు ఫ్యాను. గోడవతల జనరేటరు, డీజిలు వాసన. టవర్ పాదం దగ్గర ఎర్త్ గుంట. బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి పూడ్చిన ఆ గుంటలో వేసవిలో బిందెడు నీళ్లు పొయ్యడం ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. మరిచిపోతే తొలకరి పిడుగుకు రాక్ మొత్తం పోతుంది. లైసెన్సు కాగితంలో పవర్ ఎంత, ఎత్తు ఎంత, చానల్ ఎంత అన్నీ ఉంటాయి. బిందెడు నీళ్ల సంగతి ఉండదు. కానీ మారుమూల రిలేలు మూగబోయేది ఎక్కువగా ఇలాంటి చోటే. పిడుగు పడింది, ఫ్యూజు పోయింది, డీజిలు అయిపోయింది, పట్నం నుంచి మెయింటెనెన్స్ వాళ్లు ఎప్పుడొస్తారో తెలీదు. ఊళ్లో కరెంటు పని తెలిసిన కుర్రాడు ఉన్నా గది తాళం అతని దగ్గర ఉండదు.

ఎల్పీటీ తెచ్చిన బొమ్మ కూడా మొదట్లో ఢిల్లీ బొమ్మే. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు నుంచి తెలుగులో ప్రసారం చేస్తున్నా, ఉపగ్రహం మీద ఉన్నది జాతీయ కార్యక్రమం కనక తొలినాళ్లలో రిలేలు దాన్నే వదిలేవి. తెలుగు ఊరికి హిందీ వార్తలు. ఇక సవర మాట్లాడే ఊరికి అటు హిందీ, ఇటు తెలుగు, రెండూ పరాయివే. ఏ మాటను పెద్దది చేసి పంచాలో కొండ కింద ఉన్నవాళ్లు నిర్ణయించింది ఎప్పుడూ లేదు.

ఇది ఇలాగే ఉండాలని రూలేమీ లేదనడానికి అమెరికా ఉదాహరణ ఉంది. అక్కడ పశ్చిమ రాష్ట్రాల కొండ లోయల్లో 1950ల్లో జనమే చందాలు వేసుకుని, దొంగచాటుగా, శిఖరాల మీద బూస్టర్లు బిగించుకున్నారు. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ మూసేయమంది. 1956లో కొలరాడో గవర్నర్ ఎడ్విన్ జాన్సన్ ఆ సంస్థను లెక్కచెయ్యకుండా తానే అనుమతులు ఇచ్చేశారు. అదే ఏడు ఎఫ్‌సీసీ కూడా, ఒక చానల్‌లో పట్టి ఇంకో చానల్‌లో వదిలే ట్రాన్స్‌లేటర్లకు లైసెన్సు పద్ధతి పెట్టింది. పౌరసంఘం, కౌంటీ, ఎవరైనా అడగొచ్చు. షరతులు మాత్రం ఉన్నాయి. అసలు స్టేషను ఒప్పుకోవాలి. సొంత కార్యక్రమాలు కలపకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ట్రాన్స్‌లేటర్‌ది రెండో పీట. పూర్తి స్థాయి స్టేషనుకు అడ్డమైతే మాట్లాడకుండా తప్పుకోవాలి, తనకు ఎవరైనా అడ్డమైతే ఫిర్యాదు చెయ్యకూడదు. వరండాలో మంచం వేసుకున్న చుట్టం పరిస్థితి అనుకోండి. ఇంటివాళ్లకు చోటు కావాలంటే మంచం ఎత్తుకోవాలి, కానీ అందాకా నిశ్చింతగా పడుకోవచ్చు. లేనివాడికి అది తక్కువేం కాదు.

మన దగ్గర ఆ వరండా కూడా లేదు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో వాయుతరంగాలు ప్రజల ఆస్తి అంది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ఆ తీర్పు తర్వాత రేడియోలో తలుపులు తెరుచుకున్నాయి. ప్రైవేటు ఎఫ్‌ఎం వచ్చింది, కమ్యూనిటీ రేడియో వచ్చింది. నేల మీది టవర్ నుంచి టీవీ ప్రసారం మాత్రం దూరదర్శన్ చేతిలోనే ఉండిపోయింది. దీన్ని డిజిటల్ చేసి ప్రైవేటువాళ్లకూ చోటివ్వమని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 జనవరిలో సిఫారసు చేసింది. అది కాగితం మీదే ఉంది. 2016లో దూరదర్శన్ డిజిటల్ టవర్ ప్రసారం మొదలుపెట్టిన 16 నగరాల జాబితాలో కటక్ ఉంది, రాయ్‌పూర్ ఉంది, తెలుగు నగరం ఒక్కటీ లేదు.

ఇంతలో అసలు టవర్లే పోయాయి. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను విడతలుగా ఆపేస్తూ 2022 మార్చి నాటికి దేశం మొత్తం మీద వ్యూహాత్మకమైనవి ఓ 50 తప్ప మిగతావి మూసేసింది. జనం గగ్గోలు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం కూడా చాలా ఇళ్లకు లేకపోయింది. దానికి కారణం డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలైన ఈ సేవకు నెలనెలా కట్టేదేమీ లేదు. డిష్, పెట్టె ఒక్కసారి కొనుక్కోవడమే.

కొండ చాటు ఊరికి డిష్ ఎందుకు నప్పుతుందో కోణం చూస్తే తెలుస్తుంది. ఫ్రీ డిష్ వచ్చే ఉపగ్రహం తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల మీద ఉంది. శ్రీకాకుళం నుంచి చూస్తే అది దక్షిణ ఆగ్నేయంగా, నేల నుంచి దాదాపు 65 డిగ్రీల పైన. అంటే మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఒరిగిన చోటు. టవర్ తరంగం నేల బారున వస్తుంది కనక కొండకు గుద్దుకుంటుంది. ఉపగ్రహ తరంగం నెత్తి మీద నుంచి దిగుతుంది, మహేంద్రగిరి కూడా దానికి అడ్డం రాదు. ఇంటి ముందు పనస చెట్టు అడ్డొస్తే రావచ్చు. టీవీ బొమ్మ వరకే లెక్కైతే రిలే లైసెన్సు గొడవ అక్కడితో తీరిపోయినట్టే. ఇది ఒప్పుకోకుండా ఇంకా పాత టవర్ కోసం అర్జీలు పెట్టడం వృథా.

అయితే డిష్ చెయ్యలేనిది ఒకటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు కుప్పలుగా కూలిపోయాయి. కరెంటు స్తంభాలు నేలకరిచాయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఇంటింటి డిష్‌లు గాలికి ఎటో తిరిగిపోయాయి. అవి నిలబడినా ఉపగ్రహం నుంచి వచ్చేది రాష్ట్రమంతటికీ ఒకటే మాట. మందసలో ఏ రోడ్డు తెగింది, మంచినీళ్ల ట్యాంకరు ఎక్కడికొస్తుంది అన్న కబురు అందులో ఎక్కడిది? జనరేటరు మీద నడిచే ఒక చిన్న స్థానిక ట్రాన్స్‌మిటరు, ఇంట్లో బ్యాటరీ మీద నడిచే సెట్టు ఉంటే ఆ కబురు అందేది. రిలేకు మిగిలిన గట్టి వాదన ఇదొక్కటే. అది కూడా, రోజూ ఎక్కడిదో అందించే పెట్టె, అవసరమైన పూట సొంత మాట కూడా చెప్పగలిగినప్పుడే. అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దింపుకుంటే అది కుదరదు.

చట్టంలో దీనికి దగ్గరగా ఉన్న తలుపు కమ్యూనిటీ రేడియోది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకూ ఇస్తున్నారు. 100 వాట్ల పరిమితి, 30 మీటర్లకు మించని యాంటెన్నా, ఓ పది కిలోమీటర్ల లోపు వినికిడి. అంటే పాత ఎల్పీటీకి చెల్లెలు వరస. 2023 చట్టం మొదటి షెడ్యూలులో వేలం లేకుండా తరంగాలు కేటాయించే అవసరాల జాబితా ఉంది. ప్రభుత్వ రంగ ప్రసార సేవ, కమ్యూనిటీ రేడియో, విపత్తు నిర్వహణ మూడూ అందులో ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకే టవర్ మీదకు తెచ్చే లైసెన్సు రకం ఒకటి రాయడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, మార్గదర్శకాలు చాలు. లైసెన్సు లేకపోతే ఏమవుతుందో కూడా తెలిసిందే. బీహార్ వైశాలి జిల్లాలో రేడియోలు బాగుచేసుకునే కుర్రాడు చేత్తో బిగించిన చిన్న ఎఫ్‌ఎం స్టేషను చుట్టుపక్కల ఊళ్లను అలరిస్తుండగా 2006లో మూయించేశారు. చట్ట ప్రకారం అది సరే. కానీ అతను తీసుకోగల లైసెన్సు ఏదీ అప్పటికి లేదన్నదీ నిజమే.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు భూమి చట్టం ఈ ప్రశ్నను ఇంకో దారిలో తేల్చేస్తుంది. ఇవి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నా 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే. ఏజెన్సీలో 1/70 చట్టం ప్రకారం భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. సర్కారు భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం కూడా చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శిఖరం రిజర్వు ఫారెస్టులో ఉంటే అటవీ అనుమతి వేరు. ఇవన్నీ అడ్డంకులని టెలికం కంపెనీలు విసుక్కుంటాయి. కానీ ఆ 1/70లోనే గిరిజనులకు, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి భూమి బదిలీ చెయ్యొచ్చని ఉంది. అంటే ఏజెన్సీ కొండ మీద టవర్ వేసుకోవడానికి భూమి చట్టం ముందు నిలబెట్టే మనిషి ఆ కొండ మనిషే. తరంగాల చట్టానికి అతను కనపడడు. మందస, మెళియాపుట్టి కొండల్లో చాలా గిరిజన ఊళ్లు షెడ్యూల్డ్ జాబితాలో లేవు, చేర్చమని ఏళ్లుగా అడుగుతున్నారు. అక్కడ ఆ రక్షణ కూడా లేదు.

ఈ పాత లెక్క మళ్లీ తెరుచుకునే సూచనలున్నాయి. ఇంటర్నెట్ లేకుండా నేరుగా ఫోన్లోకి టీవీ ప్రసారం చేసే డైరెక్ట్ టు మొబైల్‌ను ప్రసార భారతి, ఐఐటీ కాన్పూర్ కలిసి ప్రయోగాలు చేశాయి. ఇందుకు చూస్తున్న 526–582 మెగాహెర్ట్జ్ పాత టీవీ తరంగాలే. నేల బారునే పోతాయి, కొండకు మళ్లీ గుద్దుకుంటాయి. డిజిటల్లో ఒక వెసులుబాటు ఉంది. ఒకే గడియారానికి కట్టేసిన టవర్లు అన్నీ ఒకే చానల్‌లో పలకొచ్చు, కొత్త చానల్ వెతుక్కోనక్కర్లేదు. కొండ నీడలో పడ్డ చోట గ్యాప్ ఫిల్లర్ అనే చిన్న పెట్టె పెడతారు. పేరు కొత్తది, పని గుమ్మంలో నిలబడ్డ మనిషిదే. ఆ పెట్టె ఉన్న గది తాళం ఎవరి దగ్గర ఉండాలి, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద రావాలి, తుపాను రాత్రి అందులో మందస మాట పలకనిస్తారా లేదా అన్నవి టవర్లు లేచాక అడిగితే లాభం లేదు. నిబంధనల ముసాయిదా మీద అభిప్రాయాలు కోరే ఆ కొద్ది వారాల్లోనే అడగాలి, ఆ ముసాయిదా తెలుగులో రాదు.